పద్నాలుగు కిలోల లాడ్లా

"బరువులేమన్నా ఎత్తుతరా అమ్మా?" అని జనగామలో డాక్టర్ అడిగాడు. మా ఆపా వెంటనే "లేదు సార్, ఇంట్లనే ఉంట" అన్నది. ఆ మాట అన్నప్పుడు ఆమె ఒళ్లో మనవడు కూర్చుని ఉన్నాడు. రెండున్నరేళ్లు, పద్నాలుగు కిలోలు. మూడు వారాలుగా నడుం నొప్పితో సీదాగా కూర్చోలేని మనిషి, కిందికి దింపితే ఏడుస్తాడని వాణ్ణి ఒళ్లో పెట్టుకుని మరీ అన్నది. పక్కనే ఉన్న నాకు కూడా ఆ జవాబులో తప్పు కనిపించలేదు. డాక్టరే నవ్వి, పెన్నుతో పిల్లగాడి దిక్కు చూపించి "మరి ఇదేంది?" అన్నాడు.

ఆపా ఉండేది దేవరుప్పులలో. కొడుకూ కోడలూ హైదరాబాద్‌లో నౌకరీ చేస్తారు కాబట్టి పిల్లగాడు దాదీ దగ్గరే పెరుగుతున్నాడు. ఆ రోజు జొహర్ నమాజ్ వేళకు వాడు వాకిట్లో నల్లా కాడ బురదలో కూర్చున్నాడు. ఆపాకు తొందర. నిలబడ్డ చోటు నుంచే వంగి, వాడి చంకల కింద చేతులు పెట్టి గుంజి లేపింది. లేపుతూనే ఇంటి దిక్కు తిరిగింది. "హాయ్ అల్లా, కమర్ గయీ" అని అక్కడే కూలబడ్డది. మొదట జండూబామ్ రాశారు. తర్వాత ఎదురుకాళ్లతో పుట్టిన పిల్లోణ్ణి ఒకణ్ణి పిలిపించి నడుం మీద మూడుసార్లు తన్నించారు. వాడికి ఇరవై రూపాయలు, ఒక బిస్కెట్ పుడా. ఒకరు మోచ్ అన్నారు, ఒకరు వాయువు అన్నారు, ఇంకొకరు నజర్ తగిలిందన్నారు. పద్నాలుగు కిలోలు అని మాత్రం ఎవ్వరూ అనలేదు.

ఇరవై ఏళ్లుగా అఖ్బార్ పని చేస్తున్నవాణ్ణి. మార్కెట్ యార్డుల్లో హమాలీల హర్తాళ్ల మీద ఎన్ని వార్తలు రాశానో లెక్క లేదు. పైగా ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి, నాకు ఇది ముందే తట్టాల్సింది. హమాలీ అనే మాట అరబీ 'హమల్' నుంచి వచ్చింది, మోయడం అని మానీ. కడుపుతో ఉన్న ఆడమనిషిని 'హామిలా' అంటాం కదా, అదీ ఆ వేరు నుంచే. రెండు మాటలూ ఒక్క ఇంటివే. అందులో ఒకరికి బస్తాకు ఇంత అని రేటుంది, యూనియన్ ఉంది, నాలాంటి వార్తలు రాసేవాడున్నాడు. రెండో మనిషికి "జన్నత్ నీ కాళ్ల కింద ఉంది" అన్న మాట ఉంది. జన్నత్ సరే, కమర్ సంగతేందని అడిగినవాళ్లు లేరు.

హమాలీ పని దగ్గర్నుంచి చూడండి. 40 కిలోల వడ్ల బస్తాను అతను ఒక్కడే నేల మీద నుంచి వంగి లేపడు. ఇద్దరు చెరో కొస పట్టి అతని వీపు మీదికి ఎక్కిస్తారు. బరువు ఒంటికి ఆనుకుని ఉంటుంది, కాళ్లు ఎడంగా ఉంటాయి, తిరగాలంటే నడుం తిప్పడు, అడుగులు మారుస్తాడు. ఎక్కడో బడిలో నేర్చుకున్నది కాదు, పాత హమాలీ కొత్తవాడికి తిట్టి నేర్పిన హునర్. మరి పద్నాలుగేళ్ల పిల్ల చంకకు తమ్ముణ్ణి ఎక్కించినప్పుడు, కొత్త కోడలి చేతికి బిడ్డను ఇచ్చినప్పుడు, ఇలా పట్టు, ఇలా లేపు అని చెప్పిన పెద్దమనిషి మన ఇళ్లలో ఎంతమంది? మెడ నిలవని పసిగుడ్డును ఎలా పట్టుకోవాలో చెబుతారు, అది బిడ్డ కోసం. రెండేళ్ల బండోణ్ణి ఎలా ఎత్తాలో చెప్పరు, అది ఎత్తేమనిషి కోసం కదా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో రెండేళ్లకు మగపిల్లవాడి సగటు బరువు 12.2 కిలోలు, ఆడపిల్లది 11.5. మూడేళ్లకు 14.3, 13.9. బ్రిటన్‌లో పని చోట్ల భద్రత చూసే సర్కారీ సంస్థ బరువులెత్తే పని మీద ఒక చిత్రం ఇస్తుంది. ఆడవాళ్లకు నడుం ఎత్తులో, ఒంటికి దగ్గరగా అయితే 16 కిలోల దాకా ఫరవాలేదంటుంది. నేల మీద నుంచి ఒంటికి దగ్గరగా లేపితే 7 కిలోలు. చేతులు చాచి నేల మీద నుంచి లేపితే 3 కిలోలు. అది కానూన్ కాదు, అంతకు మించితే ఒకసారి ఆలోచించండి అని చెప్పే గీత. మన వాకిట్లో దాదీ ఆ గీతను పొద్దటి నుంచి రాత్రి దాకా ఎన్నిసార్లు దాటుతుందో లెక్క పెట్టండి. నేను ఒక ఇత్వారం కూర్చుని లెక్క పెట్టాను. ఇరవై ఆరు దాకా వచ్చి ఆపేశాను, అప్పటికి అసర్ అజాన్ కూడా కాలేదు.

"బిడ్డ బరువు తల్లికి బరువా?" అంటారు. మొహబ్బత్‌కు తూకం లేదు, ఒప్పుకుంటా. వెన్నుపూసకు ఆ సంగతి తెలియదు. తక్కెడ లెక్క చూడండి. నడుం దగ్గర వెన్నును తక్కెడ ముల్లు అనుకుంటే, దాని వెనక కండరం పట్టుకున్న దూరం సుమారు 5 సెంటీమీటర్లు. 14 కిలోల పిల్లణ్ణి అర మీటరు దూరంలో చేతులు చాచి పట్టుకుంటే, ఆపడానికి ఆ కండరాలు 140 కిలోల జోరుతో గుంజాలి. వంగిన మన పైఒంటి బరువు దానికి అదనం. అదే పిల్లణ్ణి ఛాతీకి ఆనించుకుంటే దూరం సగానికి పడిపోతుంది, గుంజుడూ అంతే. ఐకేపీ సెంటర్‌లో కిలో తరుగు తీస్తే లొల్లి చేసే మనమే ఈ తూకాన్ని ఒక్కసారీ అడగలేదు.

బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలో ఒక సంగతి ఉంది. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం తన మనవరాలు ఉమామాను ఎత్తుకునే నమాజ్ చదివించారు. సజ్దాలోకి పోతున్నప్పుడు కిందికి దించేవారు, లేచి నిలబడేటప్పుడు మళ్లీ ఎత్తుకునేవారు. పిల్లల మీద ప్రేమ గురించి ఖుత్బాల్లో ఈ ముచ్చట చాలాసార్లు విన్నాను. దించేవారు అన్న సగం మీద ఏ మౌల్వీసాబూ ఆగలేదు. ప్రేమకు నిషానీగా బిడ్డను ఎప్పుడూ చంకలోనే ఉంచాలనుకునే దాదీలకు ఆ సగం కూడా చెప్పాలి.

డాక్టర్ దగ్గర, తర్వాత ఒక ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గర మేం నేర్చుకున్నది పెద్ద విద్యేం కాదు. మనవాళ్లకు అర్థం కావడానికి నేను నమాజ్ భాషలో చెబుతున్నా. మోకాళ్లు నిటారుగా పెట్టి నడుం దగ్గర వంగితే అది రుకూ. రుకూలో బిడ్డను లేపొద్దు. ముందు బిడ్డ దగ్గరికి పోవాలి, చేయి చాస్తే అందే దూరం కాదు, కడుపుకు ఆనేంత దగ్గరికి. ఒక మోకాలు నేల మీద పెట్టి, రెండో పాదం ఆనించి కూర్చోవాలి. ఒక చేయి పిర్రల కింద, ఒక చేయి వీపు వెనక. వాణ్ణి ఛాతీకి హత్తుకుని, కడుపు బిగించి, కాళ్ల బలంతో లేవాలి. బురఖా అంచు కాలి కింద లేకుండా ముందే చూసుకోవాలి, ఇది ఏ డాక్టరూ చెప్పడు, మా ఇంట్లో ఒకరు పడ్డాక తెలిసింది. లేచాక తిరగాలంటే పాదాలు తిప్పాలి. మోకాళ్లు అరిగి కింద కూర్చోలేని వాళ్లు అసలు నేల మీద నుంచి ఎత్తనే వద్దు. పీటో కుర్సీయో వేసి కూర్చుని, వాణ్ణే ఎక్కి రమ్మనాలి. రెండేళ్లు దాటిన పిల్లలు కోతులు, ఎక్కనిస్తే ఎక్కుతారు. మనమే ఆగం.

చంకకు ఎత్తుకుని, తుంటి ఒక పక్కకు నెట్టి గంటలకొద్దీ నిలబడతారు, ఎప్పుడూ ఒకే పక్క. పక్కలు మార్చడం మేలు, కూర్చోవడం ఇంకా మేలు. దూరం నడవాలంటే పొలం పనికి పోయే ఆడవాళ్లు పాత బట్టతో పిల్లను ఒంటికి గట్టిగా కట్టుకునే తీరు ఉంది చూడండి, దానికి మించిన ఉపాయం లేదు. ఆ బట్టనే బేబీ క్యారియర్ పేరుతో వేలకు అమ్ముతున్నారు ఇప్పుడు. స్నానం నిలబడి వంగి పోయొద్దు, పీట మీద కూర్చుని పోయాలి, సబ్బు రాసిన పిల్లణ్ణి ఎత్తొద్దు. నిద్రపోయిన పిల్లవాణ్ణి లోతుగా వేలాడే చీర ఝూలాలో నుంచి వంగి తీయడం అన్నిటికంటే చెడ్డది. వాడు బరువు సహకరించడు, మనం చేతులు చాచక తప్పదు. వాడు నడిచే వయసుకొస్తే ఝూలా విప్పేసి కింద పరుపు వేయడమే.

పల్లెవెలుగు బస్సు మెట్టు సంగతి మర్చిపోయాను. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు టికెట్ లేదు, మంచిదే. మెట్టు ఎత్తు మాత్రం పాతదే. చంకలో బిడ్డ, చేతిలో సంచీ, ఒక్క చేతికి దొరికిన కమ్మీ. ముందు లోపల ఉన్న మనిషికి బిడ్డను అందించి ఎక్కండి, నిస్సంకోచంగా. తొందరలో బిడ్డను ఒక్క చేయి పట్టి పైకి గుంజొద్దు. ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లలకు అలా గుంజితే మోచేతి దగ్గర ఎముక తప్పుకుంటుంది.

ఇక్కడిదాకా ఇంటి ముచ్చట. అంగన్‌వాడీకి వస్తే అక్కడ ఆయా ఉంది. 1975 అక్టోబర్ 2న మొదలైన పథకం అది. ప్రతి నెలా పిల్లల్ని తూకం వేసి పోషణ్ ట్రాకర్‌లో ఎక్కిస్తారు. బిడ్డ ఎన్ని కిలోలో ఢిల్లీ దాకా తెలుస్తుంది. ఆ తూకం మీదికి బిడ్డను ఎక్కించిన ఆయా నడుం ఎవరి యాప్‌లోనూ ఎక్కదు. ఎవరికైనా దెబ్బ తగిలేంత బరువు మోయించే పని పెట్టొద్దని 1948 ఫ్యాక్టరీల చట్టంలో 34వ సెక్షన్ ఉండేది. అంగన్‌వాడీ ఫ్యాక్టరీ కాదు, ఆయాకు ఇచ్చేది జీతం కాదు గౌరవ వేతనం. ఆమెకు గ్రాట్యుటీ హక్ ఉందని చెప్పడానికి 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు దాకా పోవాల్సి వచ్చింది.

తూకం లేని, కూలి లేని పనికి ఈ మండలంలో ఎవరినడిగినా పేరు చెబుతారు: వెట్టి. కామారెడ్డిగూడెం షేక్ బందగీని విసునూరు దొర మనుషులు 1940లో చంపింది ఇక్కడే. 1946 జులై 4న దొడ్డి కొమరయ్య ఒరిగిన కడవెండి కూడా ఈ మండలమే. దొరల వెట్టి పోయింది. ఇళ్లలో ఆడవాళ్ల చేత మనం చేయించుకుంటున్న దానికి ఖిద్మత్ అని మంచి పేరు పెట్టుకున్నాం. పోలిక కొంచెం ఎక్కువైందని ఎవరైనా అనొచ్చు, నేను మాత్రం వెనక్కి తీసుకోను.

మా ఆపా మనవడు ఇంకో ఏడాదికి గల్లీలో ఉరుకుతాడు. ఆమె కష్టానికి ఒక గడువుంది. నడవలేని బిడ్డల తల్లులకు గడువు లేదు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పదేళ్ల పిల్లవాణ్ణి తల్లి పొద్దున దొడ్డికీ, స్నానానికీ, మంచానికీ ఎత్తుతూనే ఉంటుంది. వాడు పెరుగుతుంటాడు, ఆమె అరుగుతుంటుంది. వాడికి పింఛన్ వస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్ చూసుకునే మనిషి కోసం కూడా భత్యం ఉండాలని రాసింది. ఆ భత్యం ప్రతి మండలంలో చేతికి అందాలి. భవిత కేంద్రాల్లో బిడ్డకు ఫిజియోథెరపీ చేసే రోజున తల్లికి కూడా పది నిమిషాలు ఎత్తడం, దించడం, దుప్పటి మీద జరపడం నేర్పాలి. ఖర్చు ఏమీ లేదు. ఆశా కార్యకర్త ఇంటికొచ్చినప్పుడు బాలింతకూ ఇదే చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే. కుట్లు మానకముందే పెద్దబిడ్డ చేతులు చాస్తుంది. ఆరు వారాలు ఆ బిడ్డను ఎవరు ఎత్తాలి?

మగవాళ్లు ఎత్తాలి. నేనూ ఎత్తాలి. బజార్లో మర్దు చంకలో బిడ్డ ఉంటే నవ్వేవాళ్లను నేనూ చూశాను, నా పిల్లలు చిన్నప్పుడు ఆ నవ్వుకు భయపడి దర్వాజా దాకా మాత్రమే ఎత్తుకున్నవాణ్ణి. బిడ్డ ఏడిస్తే "లేజావ్" అని లోపలికి పంపినవాణ్ణి. నా బేగం ఈ మధ్య కుర్సీలో కూర్చుని నమాజ్ చదువుతోంది, వయసు నలభై మూడు.

ఒక ఎహ్తియాత్: నడుం నొప్పితో పాటు కాళ్లు మొద్దుబారినా, బలం తగ్గినా, పెశాబ్ ఆగినా, మల మూత్రాల దగ్గర స్పర్శ తెలియకపోయినా అదే రోజు దవాఖానాకు పోవాలి. తన్నించుకోవడాలు, రుద్దించుకోవడాలు అక్కడ పనిచేయవు. మామూలు పట్టు అయితే వారాలకొద్దీ మంచం పట్టొద్దు, మెల్లగా నడవాలి.

ఆపా ఇప్పుడు నయం. మొన్న పండక్కి కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చాడు. పిల్లగాడు మళ్లీ ఆ నల్లా కాడే కూర్చున్నాడు. కొడుకు వంగి చంకల్లో చేతులు పెట్టబోతుంటే అరుగు మీద నుంచి ఆపా అరిచింది. "ఠహర్ రే! ముందు మోకాలు కింద పెట్టు!" అతను తన తెల్ల పైజామా చూసుకున్నాడు, వాకిట్లో బురద చూశాడు. "ధోలేంగే" అన్నది ఆపా. మోకాలు పెట్టాడు.