అడుగులు లెక్కపెట్టేవారికి దొరకని నేర్పు

'సెంట్ ఆఫ్ ఎ ఉమన్' (1992) సినిమాలో ఆల్ పచీనో టాంగో చేసే దృశ్యం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ వయొలిన్లు, ఖరీదైన ఆ రెస్టారెంటు, బెరుగ్గా లేచిన యువతి ముఖంలో కాసేపటికి వెలిగే నవ్వు. అంతకు ఒక్క నిమిషం ముందు జరిగేది మాత్రం ఎవరికీ పట్టదు. చూపు పోయిన ఆ రిటైర్డ్ సైనికాధికారి, లేవబోయే ముందు తన వెంట ఉన్న కుర్రాణ్ణి ఫ్లోర్ కొలతలు అడిగి తెలుసుకుంటాడు. పొడవెంత, వెడల్పెంత, బల్లలు ఏ వైపున ఉన్నాయి. ఆమెకు టాంగో రాదన్న సంగతి అతనికి అప్పటికే తెలుసు. తర్వాత వాళ్లు వేసిన అడుగుల్లో హాలీవుడ్ హంగు చాలానే ఉంది. కానీ ఆ వాకబు మాత్రం అసలుసిసలు టాంగో మనిషి చేసేదే.

జంటగా చేసే సామాజిక నృత్యంలో (టాంగో, సాల్సా, స్వింగ్, ఏదైనా కానివ్వండి) చేయి తిరిగినవారని ఎవరిని అనాలి? మనకు ఈ ప్రశ్న కాస్త కొత్త. నాట్యమంటే మనకు వేదికే గుర్తొస్తుంది. కూచిపూడి అయితే గురువు, రంగప్రవేశం, ముందు వరసలో రసికులు. టీవీ అయితే 2009లో ఈటీవీలో మొదలైన 'ఢీ', దాని జడ్జీలు, మార్కులు, గాల్లో గిరగిరా తిరిగే పిల్లలు. రెండుచోట్లా నేర్పును తూచేది చూసేవాళ్లే. సామాజిక నృత్యంలో చూసేవారికి ఓటు లేదు. ఉన్న ఒక్క ఓటూ ఎదురుగా, చేతుల మధ్య నిలబడిన మనిషిది. ఆ మనిషి గంట కింద మీకు అపరిచితురాలు, గంట తర్వాత మళ్లీ అపరిచితురాలే కావచ్చు.

ఈ ఓటు ఎలా పడుతుందో తెలియాలంటే బ్యూనస్ ఎయిర్స్‌లోని మిలోంగాలను చూడాలి. టాంగో ఆడుకోవడానికి జనం చేరే హాలును, ఆ రాత్రి కూటమిని కలిపి మిలోంగా అంటారు. 2009లో అర్జెంటీనా, ఉరుగ్వేల ఉమ్మడి అభ్యర్థనపై యునెస్కో టాంగోను మానవాళి అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ వారసత్వం రోజూ బతికేది పర్యాటకుల కోసం నడిచే డిన్నర్ షోలలో కాదు, ట్యూబ్‌లైట్ల వెలుగులో ప్లాస్టిక్ కుర్చీలు వేసిన పేట క్లబ్బుల్లో.

మిలోంగాకు లిఖిత రాజ్యాంగం లేదు, అయినా చాలా రాజ్యాంగాల కంటే పకడ్బందీగా అమలవుతుంది. పాటలు మూడేసి, నాలుగేసి కలిపి ఒక విడతగా వస్తాయి. దాన్ని టాండా అంటారు. పది పన్నెండు నిమిషాలు. విడతకూ విడతకూ మధ్య టాంగోతో సంబంధం లేని పాట ముక్క ఒకటి వేస్తారు. దాని పేరు కోర్టీనా, అంటే తెర. తెర పడగానే అందరూ ఎవరి కుర్చీకి వాళ్లు వెళ్లిపోవాలి. తర్వాతి విడతకు జోడీని ఎంచుకోవడానికి నోరు విప్పరు. హాలు ఈ మూల నుంచి ఆ మూలకు చూపు కలుస్తుంది, ఒకరు తల కాస్త ఆడిస్తారు, రెండోవారు ఊ అన్నట్టు తల పంకిస్తారు. ఇదే కబెసెయో. ఇష్టం లేనివారు చూపు తిప్పుకుంటే చాలు. అడిగినట్టూ ఎవరికీ తెలియదు, కాదన్నట్టూ తెలియదు. జంటలన్నీ గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో, ఒకదాని వెనక ఒకటి, గది చుట్టూ తిరుగుతాయి. విడత మధ్యలో 'గ్రాసియాస్' అన్నారంటే ధన్యవాదాలు చెప్పినట్టు కాదు, 'ఇక చాలు' అన్నట్టు. కొత్తగా వెళ్లిన విదేశీయులు మొదటి పాట అవగానే మర్యాదగా ఆ మాట అనేసి, జోడీ ఎందుకు వెళ్లిపోయిందో తెలియక తెల్లముఖం వేస్తారు.

ఈ పది నిమిషాల్లో తేలిపోతుంది ఎవరు ఏపాటో. మొదటి పరీక్ష నేల. కిక్కిరిసిన రాత్రి ఒక జంటకు దక్కేది మన ఇళ్లల్లో చాప పరిచినంత జాగా. ముందు జంట ఆగితే ఆగాలి, వెనకవారు ముందుకొస్తే ఒద్దికగా సర్దుకోవాలి. ఒకే పలక మీద ఆడగలడు అన్నది అక్కడ పెద్ద మెచ్చుకోలు. వెనక్కు కాలు విసిరి పక్కావిడ పిక్కకు మడమ గుచ్చినవాడు ఎన్ని వర్క్‌షాపులకు వెళ్లొచ్చినా ఆ హాలు దృష్టిలో ఆరంభ విద్యార్థే.

రెండో పరీక్ష బయటికి కనిపించదు. ఎదుటివారి బరువు ఈ క్షణాన ఏ కాలి మీద ఉంది? టాంగోలో సర్వస్వం ఈ ఒక్క సమాచారం మీద నడుస్తుంది. నడిపేవారు చేత్తో నెట్టరు, లాగరు. ఛాతీలో మొదలైన చిన్న కదలిక ఒక ప్రతిపాదనలా కౌగిలిలోంచి ఎదుటివారికి చేరుతుంది. అనుసరించేవారు దాన్ని అందుకుని తమ అడుగు తాము పూర్తి చేస్తారు. నడిపేవారు అంతవరకూ ఆగి, దాని వెంట వెళ్లాలి. కాబట్టి నడిపేది ఎవరు, అనుసరించేది ఎవరన్నది పైకి కనిపించినంత తేలిక లెక్క కాదు. అనుసరించేవారిలో ఘటికురాలు రాబోయే అడుగును ఊహించి ముందే వేసేయదు. ఎదుటివారి మీద వాలిపోకుండా తన ఇరుసు మీద తాను నిలబడుతుంది. పాటలో సందు దొరికితే మడమతో నేలను ఒకసారి మీటి, ఆలస్యం కాకుండా తిరిగి వచ్చేస్తుంది. ఇటువైపు నేర్పు గురించి పత్రికలు, పాఠశాలలు తక్కువ మాట్లాడతాయి. అనుసరించడమంటే చెప్పినట్టు చేయడమే కదా అన్న అపోహ వల్ల కాబోలు.

మూడోది సంగీతం. జువాన్ దారియెన్సో ఆర్కెస్ట్రాకు తాళమే ప్రాణం, కాళ్లు ఊరుకోవు. కార్లోస్ ది సార్లి వాయిస్తే అదే కాళ్లు పొడుగ్గా, తాపీగా నడవాలి. ఓస్వాల్దో పుగ్లియేసె పాటలో కాలం సాగుతుంది, బిగుస్తుంది, ఉన్నట్టుండి తెగుతుంది. ముగ్గురికీ ఒకే అడుగులు వేసేవాడు తనకు వచ్చింది అప్పజెబుతున్నాడే తప్ప పాట వినడం లేదన్నమాట. 'ఫరెవర్ టాంగో' ప్రదర్శనతో ప్రపంచానికి తెలిసిన కార్లోస్ గవీతో (1942–2005) పేరు చెబితే టాంగో జనానికి ఇప్పటికీ గుర్తొచ్చేది ఆయన వేసిన అడుగు కాదు, వేయకుండా ఆగిన అడుగు. వేదిక మీద వందల మంది చూస్తుండగా అలా కదలకుండా నిలబడటానికి ఎంత ధైర్యం కావాలో ఊహించుకోండి.

అన్నిటికంటే కష్టమైన పరీక్ష ఇంకొకటుంది. నెల రోజుల కింద నేర్చుకోవడం మొదలుపెట్టిన వ్యక్తితో ఒక విడత ఆడటం. నేర్పరి తన సామానంతా మూటగట్టి పక్కన పెట్టి, నడకతో సరిపెడతాడు. ఆ నడకే హాయిగా ఉండేలా చూస్తాడు. 'మోచెయ్యి అలా కాదు' అని ఫ్లోర్ మీద పాఠం చెప్పడు. అడగని పాఠం చెప్పేవారు ప్రతి నగరంలోనూ ఉంటారు. వారిలో అత్యధికులు మగవారు, వినాల్సి వచ్చేది ఆడవారు. ఈ ఒక్క లక్షణంతో మనిషి స్థాయిని చాలావరకు చెప్పేయవచ్చని నా అనుమానం.

ఇంతటి నేర్పు మొదట ఎలా పుట్టింది? జవాబు నాట్యశాస్త్రంలో కంటే జనాభా లెక్కల్లో ఎక్కువ దొరుకుతుంది. 1914 జనగణన నాటికి బ్యూనస్ ఎయిర్స్ నివాసుల్లో దాదాపు సగం మంది విదేశాల్లో పుట్టినవారు. ఇటలీ, స్పెయిన్‌ల నుంచి ఓడ దిగినవారిలో మగవారే ఎక్కువ. ఆడవారు తక్కువ, ఆడాలనుకునే మగవారు ఎక్కువ అయినచోట ఎంపిక ఎవరి చేతిలో ఉంటుందో చెప్పనక్కర్లేదు. అర్జెంటీనా 1912 నాటి సాయెన్స్ పెన్యా చట్టంతో మగవారికి రహస్య బ్యాలెట్ తెచ్చుకుంది. మహిళలకు జాతీయ ఎన్నికల్లో ఓటు చట్టబద్ధమైంది 1947లో. అంతవరకూ పోలింగ్ బూత్‌లో లేని వీటో డ్యాన్స్ హాలులో వారికి ఉండేది, చూపు తిప్పుకోవడం రూపంలో. కాదనిపించుకున్న మగవాడు ఇంటికెళ్లి సాధన చేయాల్సిందే. 1930ల మధ్య నుంచి 1950ల మధ్య దాకా సాగిన టాంగో స్వర్ణయుగంలో కుర్రాళ్లు ఆడవారి ముందుకు వెళ్లే లోపు సాటి మగవారితో నెలల తరబడి ప్రాక్టీస్ చేసేవారని, అందులోనూ ముందు అనుసరించే పాత్ర నేర్చుకునేవారని నాటి తరంవారు చెప్పేవారు. అవతలి వైపు ఎలా ఉంటుందో తెలిసినవాడే నడిపేవాడన్నమాట.

తర్వాత ఆ గొలుసు తెగింది. 1955లో పెరాన్‌ను కూలదోసిన సైనిక తిరుగుబాటు, జనం గుమిగూడటం పట్ల పాలకుల అనుమానం, రాక్ అండ్ రోల్ వైపు మళ్లిన యువత, ఆపై 1976–83 నియంతృత్వం. అన్నీ కలిసి ఒక తరం టాంగో నేర్చుకోకుండానే పెద్దదైంది. పునరుజ్జీవం వేదిక మీది నుంచి వచ్చింది. 1983లో పారిస్‌లో, 1985లో బ్రాడ్‌వేలో 'టాంగో అర్జెంటీనో' ప్రదర్శన ఊపేసింది. చూసి మైమరచినవారు నేర్చుకుంటామని ముందుకొచ్చారు. వారికి కావలసింది తాము చూసింది, చూసింది వేదిక మీది విన్యాసాలు.

ఇక్కడే బడులకు ఒక చిక్కు వచ్చింది. హాయిని గంటకింత అని అమ్మలేరు. అడుగుల వరసలనైతే అమ్మవచ్చు. లెవెల్ వన్, లెవెల్ టూ, అడ్వాన్స్‌డ్. 2000లలో ఐటీ ఉద్యోగాల వెంట హైదరాబాద్‌కు సాల్సా క్లాసులు వచ్చినప్పుడు గోడ మీది బోర్డులో ఈ మూడు మెట్లు కూడా దిగుమతయ్యాయి. ఫీజు కట్టి మూడో మెట్టెక్కినవారికి ఇక నేర్చుకోవాల్సింది లేదన్న ధీమా ఉచితం. పోటీలు కొంత మేలు. బ్యూనస్ ఎయిర్స్‌లో 2003 నుంచి జరుగుతున్న ప్రపంచ టాంగో పోటీల్లో వేదిక విభాగంతో పాటు ఫ్లోర్ విభాగం వేరుగా ఉంది. అందులో పాట నడుస్తుండగా కౌగిలి విడిపోకూడదు, గెంతులు కూడవు, ఇతర జంటలతో కలిసి గది చుట్టూ సాగాలి. 2009లో ఆ విభాగాన్ని జపాన్ జంట గెలుచుకుంది కాబట్టి ఇది రక్తంలో ఉండాల్సిన విద్య అన్న మాటకు విలువ లేదు. అయితే పోటీదారులు ఆడేది ఏళ్ల తరబడి సాధన చేసిన తమ జోడీతోనే. అపరిచితులతో ఆడితే ఏమవుతుందన్నది జడ్జీల కాగితంలో లేని ప్రశ్న.

ఇంతకంటే లోతైన మార్పు మరొకటి జరిగింది. 1914 నాటి లెక్క తిరగబడింది. నేడు చాలా నగరాల టాంగో హాళ్లలో ఆడవారే ఎక్కువ, నడిపేవారికి కొరత. ఫలితం ఊహించవచ్చు. బాగా నేర్చుకుని, సొంత డబ్బుతో బూట్లు కొనుక్కుని వచ్చిన మహిళ రాత్రంతా కుర్చీలో కూర్చుని వెళ్తుంది. ఆరు నెలల అనుభవంతో చేతులు బిగించి లాగే మగవాడు ఒక్క విడత కూడా ఖాళీగా ఉండడు. కాదనేవారు లేనివాడికి బాగుపడాల్సిన అవసరమేముంది? రాజనీతిశాస్త్ర విద్యార్థులకు ఇది కొత్త పాఠమేమీ కాదు, మారుగడ లేని నియోజకవర్గాలను మనం చూడలేదా? కబెసెయో కూడా రహస్య బ్యాలెట్ లాంటిదే. బలహీనుడి గౌరవాన్ని కాపాడుతుంది, అదే తెర చాటున పక్షపాతాన్నీ ఓటేయనిస్తుంది. వయసు మీద పడినవారు, లావుగా ఉన్నవారు, హాలుకు కొత్తవారు ఎందుకు కూర్చుండిపోయారో ఏ రికార్డులోనూ ఉండదు.

కౌగిలి వ్యవహారం కాబట్టి ఇది సరదాకు మాత్రమే సంబంధించిన అసమానత కాదు. నడిపేవారి కొరత ఉన్నచోట హద్దు మీరే చేతిని భరించమని చెప్పకనే చెప్పినట్టవుతుంది. స్త్రీలపై హింసకు వ్యతిరేకంగా 2015లో అర్జెంటీనాలో 'ని ఉనా మెనోస్' (ఒక్క ఆడమనిషీ తగ్గడానికి వీల్లేదు) ఉద్యమం లేచిన తర్వాత టాంగో మహిళలు కూడా సంఘటితమయ్యారు. మిలోంగాలో వేధింపు ఎదురైతే నిర్వాహకులు ఏం చేయాలో మార్గదర్శకాలు రాసి పంచారు. అంతకు ముందే, 2000ల తొలి ఏళ్లలోనే, స్త్రీ పురుష భేదం లేకుండా ఎవరైనా నడపవచ్చు, ఎవరైనా అనుసరించవచ్చు అన్న క్వీర్ మిలోంగాలు ఆ నగరంలో తలుపులు తెరిచాయి. సంప్రదాయవాదులు నొసలు చిట్లించారు. మగవారు మగవారితో సాధన చేసిన స్వర్ణయుగాన్ని వారు ఎలా మరిచారో మరి.

ఇప్పుడు నడిపే విద్య నేర్చుకునే మహిళలు ఏటేటా కనిపిస్తున్నారు. కొందరు కుర్చీలో కూర్చోలేక మొదలుపెట్టినవారు, కొందరు అటువైపు రుచి చూద్దామని వచ్చినవారు. వారిలో చాలామందితో ఆడటం హాయిగా ఉంటుందని ఆడినవారు అంటారు. దశాబ్దం పాటు రకరకాల మగవారిని అనుసరించిన శరీరానికి ఏ లాగుడు నొప్పి పుట్టిస్తుందో విడిగా చెప్పనక్కర్లేదు. అనుసరించడం నేర్పే క్లాసులోకి వచ్చి నిలబడే మగవారు మాత్రం నేటికీ తక్కువే. వచ్చినవారు సాధారణంగా ఆ హాలులో అప్పటికే బాగా ఆడేవారై ఉంటారు.