చెట్టు పేరు చెప్పి తుపాకులు అమ్ముడు

ఇటలీల బెరెట్టా అని ఒక తుపాకుల కంపెనీ ఉన్నది. 1526ల వెనిస్ ఆయుధశాలకు 185 తుపాకి గొట్టాలు అమ్మిన లెక్క వాళ్ల దగ్గర ఉన్నది. అంటే మన హైదరాబాద్ పుట్టక ముందు 65 ఏండ్ల సంది అదే కుటుంబం, అదే యాపారం. అమెరికాల స్టర్మ్ రూగర్ అని ఇంకో కంపెనీ ఉన్నది. 1949ల కనెక్టికట్ రాష్ట్రంల ఇద్దరు మనుషులు 50 వేల డాలర్లతోని మొదలు పెట్టిన్రు. ఇయ్యాల అది అమెరికాల పెద్ద తుపాకి కంపెనీలల్ల ఒకటి. ఇప్పుడు ముచ్చట ఏందంటే, ఇటలీ పెద్దమనిషి అమెరికా తమ్ముని ఇంట్ల ఒక్కొక్క ఇటుక కొనుకుంట వస్తున్నడు.

అమెరికా రూల్ ప్రకారం స్టాక్ మార్కెట్ల ఉన్న కంపెనీల 5 శాతం దాటి వాటా కొన్నోడు ఆ సంగతి బయటపెట్టాలె. గట్లనే 2025 సెప్టెంబర్ల బయటపడ్డది, రూగర్‌ల బెరెట్టాకు 7 శాతం మీద వాటా ఉన్నదని. ఆ తర్వాత ఇంకింత కొని 10 శాతం గీత దగ్గరికి వచ్చి నిలవడ్డది. అక్టోబర్ల రూగర్ బోర్డు లేచి తలుపుకు గడియ పెట్టింది. ఆ గడియను షేర్ మార్కెట్ల 'పాయిజన్ పిల్' అంటరు. విషపు గోలి అన్నట్టు.

ఇది ఎట్ల పనిచేస్తదో సూడున్రి. ఒక కంపెనీల 100 వాటాలు ఉన్నయనుకుందాం. ఒకడు బోర్డును అడగకుండ 10 కొన్నడు. అప్పుడు బోర్డు మిగిలిన 90 వాటాలోళ్లకు "మీరు తలా ఇంకో వాటా అగ్గువకు తీసుకోండి" అంటది, వాడొక్కనికి తప్ప. మొత్తం 190 అయితయి. వాని 10 మాత్రం 10 లెక్కనే ఉంటయి. పదో వంతు ఉన్నోడు పందొమ్మిదో వంతుకు దిగిపోతడు. అందుకే ఎవ్వడు ఆ గీత దాటడు. గోలి మింగేది ఉండదు, చూపించి బెదిరించేదే.

బోర్డు చెప్పే కారణం ఏందంటే, సరైన ధర కట్టకుండ చాటుమాటుగ కంపెనీని ఎవ్వడు చేతుల పెట్టుకోవద్దని. బెరెట్టా సూస్తే మొదట్ల కలిసి పనిచేద్దామన్న తీరుగ మాట్లాడింది. కొనుడు అయితదా, కలుపుడు అయితదా, రాజీ అయితదా అన్నది వాళ్ల వాళ్ల వకీళ్లు తేల్చుకుంటరు. నేను మాట్లాడేది ఆ గదిల కుర్చీ లేనోళ్ల గురించి.

కరువు కాలంల బేరం

ముందు ఇప్పుడే ఎందుకు అన్నది సూడాలె. కరోనా టైంల అమెరికాల జనం భయంతోని తుపాకులు ఎగబడి కొన్నరు. 2021ల రూగర్ అమ్మకాలు 73 కోట్ల డాలర్లు. 2024కు వచ్చేసరికి అవి 53 కోట్ల చిల్లరకు పడిపోయినయి. భయం తగ్గితే గిరాకీ తగ్గుతది, ఈ యాపారం తీరే అంత. షేర్ ధర సుత పడ్డది. గాని రూగర్‌కు అప్పు లేదు. ఎవుసం తెలిసిన ఇంట్ల పుట్టినోనికి ఇది చెప్పే అవుసరం లేదు. కరువు ఏడాదే కదా మంచి ఎడ్లు అగ్గువకు దొరికేది.

ఇది ఒక్క బెరెట్టా కథ కాదు. 1836ల పుట్టిన కోల్ట్ కంపెనీని 2021ల చెక్ దేశపు సీజెడ్ కొన్నది. 2024 చివరికి రెమింగ్టన్, ఫెడరల్ అనే పాత పేర్ల మీద తూటాలు చేసే యాపారాన్ని సుత ఇంకో చెక్ కంపెనీ 200 కోట్ల డాలర్ల పైన పెట్టి తీసుకున్నది. అమెరికా తుపాకి పేర్లు ఒక్కొక్కటి యూరప్ చేతులకు పోతున్నయి. గందుకే అక్కడి తుపాకి అభిమానులు "మన దేశపు కంపెనీ పరాయోని పాలైతది" అని లొల్లి చేస్తున్నరు.

ఓనర్ మన దేశపోడైతే పనోనికి మేలు జరుగుతదా? ఇగ మార్లిన్ కథ ఇనున్రి.

మార్లిన్ పేరు తిరిగిన తిరుగుడు

మార్లిన్ అనేది 1870ల కనెక్టికట్‌ల పుట్టిన రైఫిల్ కంపెనీ. లీవర్ గుంజి కాల్చే రైఫిళ్లకు పెట్టింది పేరు. 2007ల సెర్బెరస్ అనే న్యూయార్క్ పెట్టుబడి సంస్థ ముందుగాల రెమింగ్టన్‌ను కొన్నది. అదే ఏడాది చివర్ల రెమింగ్టన్ మార్లిన్‌ను కొంటున్నమని చెప్పింది. కొన్నోడు అమెరికానే, అమ్మినోడు అమెరికానే. మూడేండ్లు తిరగక ముందే, 2010ల, నార్త్ హేవెన్ ఊర్ల ఉన్న మార్లిన్ ఫ్యాక్టరీ మూసేస్తున్నమని చెప్పిన్రు. 265 మంది రోడ్డున పడ్డరు. మిషన్లు వేరే రాష్ట్రాలకు మోసుకపోయిన్రు.

మిషన్లు పోయినయి గాని, ఏ మిషన్ ఎక్కడ ఎంత అరిగింది, దాన్ని ఎట్ల సముదాయించి పనిచేయించాలె అన్నది ఆ 265 మంది చేతులల్ల ఉన్నది. ఆ విద్య లారీ ఎక్కలేదు. తర్వాత వచ్చిన రైఫిళ్లు అతుకుల బొంతల తీరుగ ఉన్నయని కొన్నోళ్లే తిట్టిన్రు. రెమింగ్టన్, మార్లిన్ రెండు పేర్లు కలిపి 'రెమ్లిన్' అని ఎగతాళి పేరు పెట్టిన్రు. ఇప్పటికీ పాత రైఫిల్ కొనేటోడు "ఇది ఫ్యాక్టరీ మూయక ముందుదా, తర్వాతదా" అని అడుగుతడు. చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకునుడంటే ఇదే. చెట్టు కొట్టేసి సుత పేరు అమ్ముకున్నరు.

2020ల రెమింగ్టన్ దివాలా తీసి ముక్కలు ముక్కలుగ వేలంల పోయింది. అప్పుడు మార్లిన్ ముక్కను కొన్నది ఎవరో కాదు, ఇదే రూగర్. సుమారు 3 కోట్ల డాలర్లకు. నిజం చెప్పాల్నంటే రూగర్ ఆ రైఫిల్‌ను మంచిగనే చేసింది. పని తెలిసిన పోటీదారు కొనుడు వేరు, వడ్డీ లెక్కలు మాత్రమే తెలిసినోడు కొనుడు వేరు. గా తేడా నేను ఒప్పుకుంట. గాని మల్ల మొదలుపెట్టింది ఎక్కడ? నార్త్ కరోలినా రాష్ట్రం మేయోడన్‌ల. కనెక్టికట్‌ల ఇంటికి పోయిన 265 మందిని ఎవ్వరు పిలువలేదు. పేరు బతికింది, ఆ ఊరు బతకలేదు. రేపు రూగర్ బెరెట్టా చేతికి పోతే మార్లిన్ పేరు ఇంకో గడప ఎక్కుతది.

రెమింగ్టన్ పుట్టిన ఇలియన్ ఊరు ఇంకా ఘోరం. న్యూయార్క్ రాష్ట్రంల చిన్న ఊరు. 1828 సంది తుపాకులు చేసుడే ఆ ఊరి బతుకు. తాత, తండ్రి, కొడుకు ఒక్కటే గేటు నుంచి పోయేది. 2020 అక్టోబర్ల 585 మందిని ఒక్కసారే తీసేసిన్రు. మాకు రావాల్సిన పైసలు ఇయ్యలేదని యూనియన్ గేటు ముందట కూసున్నది. కొత్త ఓనరు కొంతమందితోని మల్ల నడిపించి, 2024 మార్చిల మొత్తానికే తాళం పెట్టిండు. పని జార్జియా రాష్ట్రానికి పోయింది.

ఈ పోకడ ఎటు దిక్కు ఉన్నదో సూడున్రి. రెమింగ్టన్ జార్జియాకు పోయింది. స్మిత్ అండ్ వెసన్ మసాచుసెట్స్ నుంచి హెడ్డాఫీసును టెన్నెసీకి మార్చింది. బెరెట్టా సుత మేరీల్యాండ్‌ల ఉన్న తయారీని ఎప్పుడో టెన్నెసీకి తీసుకపోయింది. తుపాకి చట్టాలు వదులుగ ఉన్న రాష్ట్రాలివి. యూనియన్‌ల చేరాల్నని, చందా కట్టాల్నని పనోన్ని పట్టుబట్టనియ్యని చట్టాలు సుత ఇక్కడ ఉన్నయి. అంటే యూనియన్ నడుము మీదనే దెబ్బ. కంపెనోళ్లు బయటికి మొదటిదే చెప్తరు, "తుపాకి హక్కు ఉన్న కాడికి పోతున్నం" అని. రెండోది చెప్పరు. ఓనర్ ఇటలోడా, అమెరికోడా అన్నది ఇక్కడ లెక్కకే రాదు.

పిల్లల పానం ఎవరి ఖాతాల?

నువ్వు తుపాకులు వద్దనేటోనివి, తుపాకులు చేసేటోళ్ల కోసం ఎందుకు బాధపడుతున్నవ్ అని కొందరు అడుగుతరు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు సుత రెమింగ్టన్ కథలనే ఉన్నది.

2012 డిసెంబర్ 14 నాడు కనెక్టికట్‌ల శాండీ హుక్ బడిల 20 మంది పసిపిల్లలను, ఆరుగురు సిబ్బందిని ఒకడు కాల్చి చంపిండు. ఆ రైఫిల్ రెమింగ్టన్ గుంపుల ఉన్న బుష్‌మాస్టర్‌ది. ఆ గుంపును ఏలే సెర్బెరస్ ఫండ్లల్ల ఎవరి పైసలు ఉన్నయో ఎరుకేనా? కాలిఫోర్నియా టీచర్ల పింఛన్ పైసలు. బడిపంతుళ్లు పోగేసిన సొమ్ము బడిల పేలిన తుపాకి యాపారంల ఉన్నది. వాళ్లు నిలదీస్తే నాలుగు రోజులకే సెర్బెరస్ ఆ తుపాకుల వాటా అమ్ముతమని ప్రకటించింది. గాని తగిన బేరం కుదరలేదు.

అమెరికాల 2005ల ఒక చట్టం చేసిన్రు. తుపాకితోని ఎవడన్న నేరం చేస్తే చేసిన కంపెనీ మీద దావా వేయకుండ అది అడ్డం పడుతది. శాండీ హుక్ తల్లిదండ్రులు ఆ గోడల చిన్న సందు పట్టుకున్నరు. రైఫిల్‌ను అమ్ముకునే ప్రకటనలు తప్పు అని రాష్ట్ర చట్టం కింద కొట్లాడిన్రు. 2022 ఫిబ్రవరిల 7 కోట్ల 30 లక్షల డాలర్లకు రాజీ అయింది. కట్టింది ఇన్సూరెన్స్ కంపెనీలు. అప్పటికే రెమింగ్టన్ ముక్కలై పోయింది, లాభం తిన్నోళ్లు ఎప్పుడో చేతులు కడుక్కున్నరు.

2023ల అమెరికాల తుపాకులకు పోయిన పానాలు 46 వేలు దాటినయి. అందుల సగం కన్నా ఎక్కువ ఆత్మహత్యలే. ఈ లెక్క ఏ కంపెనీ ఖాతా పుస్తకంల కనబడదు. కొనేటోడు మిషన్ల ధర కడుతడు, పేరు ధర కడుతడు. చావుల బాకీ మాత్రం చట్టం గోడ అవతలనే ఉంటది. ఆ గోడ లేకపోతే ఈ పాత కంపెనీలకు ఇంత ముద్దు ఉండునా?

అందుకే అంటున్న, ఇలియన్ కార్మికుడు, శాండీ హుక్ తల్లి ఎదురెదురు కాదు. ఇద్దరు ఒక్క గది బయటనే నిలవడ్డరు. లోపల ధర మాట్లాడుకునేటప్పుడు ఇద్దరినీ పిలువలేదు.

మనకెందుకు ఈ ముచ్చట

ఎక్కడి అమెరికా, ఎక్కడి కరీంనగర్ అనకున్రి. 2017 ఫిబ్రవరిల కాన్సస్ రాష్ట్రం ఒలేత్‌ల బార్‌ల కూసున్న మన తెలుగు ఇంజనీర్‌ను ఒకడు కాల్చి చంపిండు. ఆ తర్వాత సుత పెట్రోల్ బంకులల్ల, హోటళ్లల్ల పనిచేసుకునే మన పిల్లల శవపెట్టెలు శంషాబాద్‌ల దిగుతనే ఉన్నయి. అప్పు చేసి పిల్లగాన్ని అమెరికా తోలిన ఇంటికి ఈ యాపారం దూరం కాదు.

ఇంకోటి, ఆయుధాల ఫ్యాక్టరీ చేతులు మారుడు మనకు కొత్త కాదు. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంల యుద్ధ బండ్లు చేసే ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఉన్నది. 2021 అక్టోబర్ 1 నాడు దేశంల ఉన్న 41 ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలను 7 కంపెనీలు చేసిన్రు. ఓనర్ ఇప్పటికీ సర్కారే, అమ్మలేదు. గాని కార్మికులు సమ్మె చేస్తమంటే ముందే జూన్ నెలల ఆర్డినెన్స్ తెచ్చి, రక్షణ ఫ్యాక్టరీలల్ల సమ్మెను ఆపే అధికారం సర్కారు చేతుల పెట్టుకున్నది. అక్కడ వాటాదారుని కాపాడ విషపు గోలి ఉన్నది. ఇక్కడ 2021ల పనోని నోరు మూయ చట్టం తెచ్చిన్రు. పనోన్ని కాపాడే గోలి ఏ దేశంల ఇంకా తయారు కాలేదు.

తమ్ముళ్లూ చెల్లెండ్లూ, మీరు ఫోన్ల షేర్ మార్కెట్ యాప్‌లు సూస్తున్నరు. ఫలానా కంపెనీ ఫలానా కంపెనీని కొంటదట, షేర్ లేస్తదట అని వార్త వస్తది. అది తుపాకి కంపెనీ గాని, సిమెంట్ గాని, చక్కెర ఫ్యాక్టరీ గాని, షేర్ లెక్క కన్నా ముందు నాలుగు సంగతులు అడుగున్రి. కొనే పైసలు ఎవని అప్పు, ఆ అప్పు రేపు ఎవని నెత్తిన పడుతది? ఫ్యాక్టరీ అదే ఊర్ల ఎన్నేండ్లు ఉంచుతరో కాయితం మీద రాసిచ్చిన్రా? జీతం బాకీ, పింఛన్, నష్టపరిహారం ఎవరు మోస్తరు? మాట్లాడుకునే బల్ల కాడ కార్మికునికి కుర్చీ ఉన్నదా?

రూగర్ బోర్డుకు విషపు గోలి తయారు చేసుడు మస్తు తొందరగ చేతనైంది. న్యూపోర్ట్, ప్రెస్కాట్, మేయోడన్ ఊర్లల్ల ఆ కంపెనీల చేస్తున్న పనోళ్లకు ఒక్క కాయితం రాసిచ్చుడు సుత అంతే తొందరగ చేతనైతది. బెరెట్టా కొన్నా కొనకున్నా రాసియ్యొచ్చు. రాసిస్తరా లేదా అన్నదే నేను ఎదురు సూసే వార్త.