గోల్డ్ మెంబర్ల హిసాబ్



2026లో రంజాన్ ఫిబ్రవరి మూడో వారంలోనే వచ్చేసింది. డల్లాస్‌లో మా మస్జిదులో తరావీహ్ అయ్యాక చెప్పులు వెతుక్కుంటుంటే నా చెవిన పడ్డ మాట ఇది: "భాయ్, నెలాఖరు లోపల ఇంకా మూడు వేలు కావాలి, ఎట్లా?" పాపం, ఏ ఖర్జ్ తీర్చాలో అనుకున్నాను. కాదు, లాయల్టీ పాయింట్లట!

తెలియనివాళ్లకు చెబుతాను. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981లో మొదలుపెట్టిన స్కీము ఇది. వాళ్ల సాలు మార్చి 1న మొదలై ఫిబ్రవరి ఆఖరున ఖతమ్. ఆ లోపల 40 వేల పాయింట్లయితే గోల్డ్, 75 వేలయితే ప్లాటినం. మామూలు మెంబరుకు టికెట్టు ధరలో డాలరుకు 5 పాయింట్లు, వాళ్ల క్రెడిట్ కార్డు గీకితే డాలరుకు ఒకటి. మార్చి రాగానే లెక్క మళ్లీ సున్నా నుంచి.

అంటే మన భాయికి మూడు వేలు రావాలంటే 600 డాలర్ల టికెట్టు కొనాలి. పోవాల్సిన ఊరు లేదు, కలవాల్సిన మనిషి లేడు. ఎక్కాలి, దిగాలి, తిరిగి రావాలి. దీనికి సఫర్ అని పేరు పెట్టడానికి నాకు నోరు రాదు. ఇది ఇస్రాఫ్. ఆ 600 మన రూపాయల్లో యాభై వేలు దాటుతుంది. కడపలో మా మొహల్లాలో ఒక బేవా ఏడాది ఇంటి కిరాయి అది. ఇక పాయింట్ల కోసం కార్డు మీద కొని, బాకీ మరుసటి నెలకు తోసేవాళ్లున్నారు. దాని మీద పడేది సూద్ అని వాళ్లకూ తెలుసు.

ఉద్యోగం మీద తిరిగేవాళ్లకు స్టేటస్ దానంతటదే వస్తే ముబారక్. నా జగడా వాళ్లతో కాదు. సహీ బుఖారీలో మొట్టమొదటి హదీసే నీయత్ గురించి. నేను అడిగేదీ అదే.

అదే భాయిని "జకాత్ ఎంతయింది?" అని అడిగాను. "అందాజాగా ఇచ్చేస్తాలే" అన్నాడు. సోనా ఏడున్నర తులాలు, చాందీ యాభై రెండున్నర తులాలు, నూటికి రెండున్నర. ఇదంతా అందాజా! ఎయిర్‌లైన్స్ గోల్డ్‌కు మాత్రం ఒక్క పాయింటు తేడా రాకుండా హిసాబ్.

నేనేం వలీ కాను. పోయినేడు షాబాన్‌లో నాకూ 1,500 తక్కువ పడ్డాయి. ఒక శనివారం 300 డాలర్లు పెట్టి లాస్ ఏంజెలెస్ పోయి, ఎయిర్‌పోర్టు గుమ్మం దాటకుండా రాత్రికి తిరిగొచ్చాను. మధ్యలో అమ్మీ ఫోను. "ఎక్కడున్నావ్ బేటా, అంత షోరేంటి?" "ఆఫీసు పని మీద వచ్చాను అమ్మీ" అన్నాను. "పాపం, సెలవు రోజు కూడానా? జ్వరం గిరం తెచ్చుకునేవు" అని ఫోనులోనే దువా చదివి ఊదింది. ఝూట్ చెప్పి దువా తీసుకున్నాను. గోల్డ్ వచ్చింది. ఆ ఏడాది నేను విమానం ఎక్కింది రెండేసార్లు. అందులో ఇంటికి పోయింది చౌకగా దొరికిన వేరే కంపెనీలో, నా గోల్డ్ చెల్లని విమానంలో!

ఈ ఖిస్సా మొత్తం ఆ భాయికి చెప్పాను. బాగా నవ్వాడు. నవ్వుతూనే ఫోను తీసి, శనివారం షికాగో టికెట్టు ఎంతుందో చూశాడు.