ఫ్యాక్టరీకి దారులున్నాయి, మొక్కజొన్న రైతుకేదీ?

"మొక్కజొన్న వేయండి, ఇథనాల్ ఫ్యాక్టరీలు ఎగబడి కొంటాయి" అని మనచేత సాగు పెంచారు. పెట్రోలులో 20 శాతం కలపాలన్న లక్ష్యం 2025లోనే చేరింది. గిరాకీ అక్కడే ఆగింది. 2025-26కు చమురు కంపెనీలు అడిగింది 1,050 కోట్ల లీటర్లయితే, డిస్టిలరీలు ఇస్తామన్నది 1,776 కోట్ల లీటర్లు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య!

గిరాకీ లేకపోతే ఫ్యాక్టరీ ఏం చేస్తుంది? కొనుగోలు తగ్గిస్తుంది, లేదా ఎఫ్‌సీఐ బియ్యం వైపు తిరుగుతుంది. 2025 జనవరిలో ఆ బియ్యం ధరను క్వింటాలుకు 2,800 నుంచి 2,250 రూపాయలకు దించింది కేంద్రమే. 2025-26లో మన మొక్కజొన్న మద్దతు ధర 2,400. తినే బియ్యమే మన గింజల కంటే చవకైతే మన పంట ఎవరు కొంటారు?

మొక్కజొన్న ఇథనాల్‌కు లీటరుకు 71.86 రూపాయలని ప్రభుత్వ చమురు కంపెనీలే ధర కట్టాయి. ఫ్యాక్టరీకి ఆ ధర చేతికందుతుంది. మన మద్దతు ధర మాత్రం కాగితం మీదే. యార్డుకు పోతే తేమ అంటారు, తరుగు అంటారు. "పంట మార్చుకోండి" అని సలహా ఒకటి. కళ్లంలో పోసిన పంటను ఎలా మార్చుకుంటాం?

మనం అడిగేవి మూడే:

1. రైతుకు మద్దతు ధర చెల్లించిన రసీదు చూపిన ఫ్యాక్టరీ నుంచే ఇథనాల్ కొనాలి.
2. కోతలకు ముందే మార్క్‌ఫెడ్ కేంద్రాలు తెరవాలి.
3. విదేశీ మొక్కజొన్నపై దిగుమతి సుంకం తగ్గించకూడదు.

ఊరూరా తీర్మానం చేద్దాం. అందరం కలిసే తహసీల్దారు ఆఫీసుకు పోదాం.