పాలపుంతను పట్టి ఉంచేదేది?

సూర్యుడి పక్కనే ఉన్న బుధుడిది పరుగు. సెకనుకు 47 కిలోమీటర్లు. ఎక్కడో దూరాన ఉన్న నెప్ట్యూన్‌ది నత్తనడక. సెకనుకు 5.4 కిలోమీటర్లే. దూరం పెరిగేకొద్దీ సూర్యుడి ఆకర్షణ సడలుతుంది కాబట్టి అంతే మరి. గెలాక్సీల్లోని నక్షత్రాలూ ఇలాగే తిరుగుతాయనుకున్నారు ఖగోళ శాస్త్రవేత్తలు. అమెరికాకు చెందిన వెరా రూబిన్‌, కెంట్‌ ఫోర్డ్‌ ఆండ్రోమెడా గెలాక్సీని కొలిచి 1970లో లెక్కలు ప్రకటించారు. తీరా చూస్తే అంచుల దగ్గర కూడా వేగం పెద్దగా తగ్గలేదు! తర్వాత చూసిన డజన్ల కొద్దీ గెలాక్సీల్లోనూ అదే కథ. కనిపించే నక్షత్రాల బరువే ఆధారమైతే అవి ఏనాడో చెల్లాచెదురైపోవాలి. పోలేదంటే కనిపించనిదేదో పట్టి ఉంచుతోందన్నమాట. దాని పేరే కృష్ణపదార్థం. 1933లోనే జ్విక్కీ అనే ఆయన ఈ మాటంటే పట్టించుకున్నవాళ్లు తక్కువ.

విశ్వంలో ఇది మామూలు పదార్థానికి అయిదు రెట్లుంటుంది. గెలాక్సీ చుట్టూ పెద్ద గోళంలా పరచుకుని ఉంటుంది. ఆ గోళాన్ని హాలో అంటారు. హాలో అంటే పరివేషం. పేరుకే పరివేషం, వెలుగు మాత్రం లేదు!

ముందు హాలో, ఆ తర్వాతే గెలాక్సీ అని 1978లో సైమన్‌ వైట్‌, మార్టిన్‌ రీస్‌ వివరించారు. చిన్న హాలోలు కలిసి పెద్దవవుతాయి. వాటి ఆకర్షణకు లోపలికి జారిన వాయువు వేడిని వెలుగుగా వదిలేసి చల్లబడుతుంది. కానీ తిరుగుడు పోదు. అందుకే పళ్లెంలా పరుచుకుని నక్షత్రాలను కంటుంది. కృష్ణపదార్థానికి వెలుగు వదలడం రాదు, కాబట్టి గోళంగానే ఉండిపోతుంది.

అయితే ప్రతి హాలోలోనూ పాలు తోడుకోవు. చిన్న గిన్నెలో పొంగి బయటికి పోయినట్టు, చిన్న హాలోల్లో నక్షత్రాలు పేలినప్పుడు వాయువు ఎగిరిపోతుంది. మరీ పెద్దవాటిలో అది చల్లారదు, చల్లారబోయినా మధ్యనున్న కృష్ణబిలం మళ్లీ వేడెక్కిస్తుంది. వేడిపాలు తోడుకోవు కదా! సుమారు లక్షకోట్ల సూర్యుల బరువున్న హాలోలోనే కాస్త బాగా కుదురుతుంది. మన పాలపుంతది దాదాపు ఆ తూకమే. అక్కడైనా సరుకులో నక్షత్రాలయ్యేది సుమారు అయిదోవంతే.

ఇంతకీ ఆ పదార్థం ఏమిటి? అమెరికాలోని దక్షిణ డకోటాలో ఓ పాత బంగారుగనిలో, దాదాపు మైలు లోతున, 10 టన్నుల ద్రవ జినాన్‌ పెట్టుకుని దాని కణం కోసం కాపు కాస్తున్నారు. ఇంతవరకూ ఒక్కటీ చిక్కలేదు. నోబెల్‌ అందుకోకుండానే రూబిన్‌ 2016లో కన్నుమూశారు. ఆమె పేరుతో చిలీ కొండమీద కట్టిన వేధశాల 2025 జూన్‌లో తొలి చిత్రాలు విడుదల చేసింది.