కాలువ వంతెన మీద కాసేపు

ఈస్టర్ నాడు తెల్లవారకముందే నెల్లూరు నుంచి మైపాడు తీరానికి బయలుదేరడం మా సంఘానికి ఏళ్ల అలవాటు. దారంతా పాటలు, చప్పట్లు. సూర్యోదయ ఆరాధన ముగించుకుని, కాళ్ల ఇసుక దులుపుకొని తిరిగి వస్తాం. సముద్రానికి ఇవతల బకింగ్‌హామ్ కాలువ దాటుతామన్న సంగతి మాలో ఎవరికీ పట్టలేదు.

ఈ మధ్య ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో 'మైండ్‌ఫుల్‌నెస్' అనే ధ్యానం నేర్పుతున్నారు. ఊపిరి మీదో, ఎదుట ఉన్న వస్తువు మీదో మనసు నిలిపి, తీర్పు తీర్చకుండా ఉన్నదున్నట్టు గమనించాలి. అంతే. బౌద్ధ సాధనలో వేళ్లున్న ఈ పద్ధతిని 1979లో అమెరికాలో జాన్ కబాట్‌జిన్ రోగుల కోసం మలిచారు. 'మనకెందుకిది?' అని విశ్వాసుల్లో కొందరు ముఖం చిట్లిస్తారు. ఆ జంకు మాకూ ఉండేది. కానీ సాయంకాలం పొలంలోకి ధ్యానానికి వెళ్లిన ఇస్సాకు (ఆదికాండము 24:63) మనవాడే కదా! ఆకాశపక్షులను, అడవి పువ్వులను చూడమన్నది ప్రభువే (మత్తయి 6). మనమేమో కళ్లు మూసుకోవడమే ప్రార్థన అనుకుని, తెరిచాక చూడటం మానేశాం.

ఈసారి తిరుగు ప్రయాణంలో బండి పంక్చరై ఆ కాలువ దగ్గరే ఆగింది. విసుక్కుంటూ దిగి వంతెన మీద నిలబడ్డాం. పాటలు ఆగాయి. చేసేదేమీ లేక నీళ్లను చూశాం. గట్లను చూశాం. 1876-78 నాటి ధాత కరువులో ఈ కాలువ పనులే ఎందరో ఆకలిగొన్న వారికి కూలి ఇచ్చాయి. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కరువు బాధితులకు పని కల్పించారు. కూడు కోసం మతం మారారన్న మాట రాకూడదని, ఆ పని సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత 1878 జూలై 3న వెలుంపిల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకెను మన సభల్లో గర్వంగా చెప్పుకుంటాం. మట్టి తట్టలు మోసిన చేతుల ఊసెత్తం.

ఆ వారమే మా వీధికి చేపలమ్మే ఆమె వచ్చింది. తీరంలోని పట్టపుపాలెం మనిషి. పన్నెండేళ్లుగా ఆమె తూకం తెలుసు, బేరం తెలుసు. కుడిచేతి రెండు వేళ్లు ముడుచుకోవని మాత్రం ఆ రోజే చూశాం.

"ఏమైందమ్మా?"

"కత్తిపీట తెగి నాలుగేళ్లయింది అయ్యా. ఎవరూ అడగలా" అంది, చేపల మీంచి చూపు తిప్పకుండానే.

తీర్పు తీర్చకుండా చూడమనడం మంచి మాటే. ఆమె దగ్గర పైసాపైసాకూ గీచి గీచి బేరమాడిన మాకైతే మరీ అవసరం. కానీ చూసి, మనసు తేలికపడిందని లేచి వెళ్లిపోతే ఆ ధ్యానం మనకు చాలదు. బేత్సయిదా గుడ్డివానికి మొదట మనుషులు నడుస్తున్న చెట్లలా కనబడ్డారు. ప్రభువు రెండోసారి చేతులుంచాకే అన్నీ తేటగా కనబడ్డాయి (మార్కు 8:22-25). పన్నెండేళ్లు మాకు ఆమె ఒక చెట్టే.

డాక్టరుకు చూపిద్దాం రమ్మంటే వెంటనే ఒప్పుకోలేదు. "వేట నిషేధం వచ్చినాక చూద్దాంలే అయ్యా. అప్పుడైతే బుట్ట ఖాళీ" అంది. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మర బోట్లు కడలిలోకి వెళ్లవు. ఆ మొదటి సోమవారం పేరు, ఆమె పేరు పక్కపక్కనే సంఘం క్యాలెండరులో రాసి పెట్టాం.