చేయి కలిపితే అమ్ముడుపోయినట్టేనా?

అవతలి పార్టీ నాయకుడు పెళ్లిలో ఎదురైతే నమస్కారం పెట్టిన పాపానికి, మర్నాటికల్లా సొంత పార్టీవాళ్లే అనుమానంగా చూసే రోజులొచ్చాయి. ఫొటో ఒకటి వాట్సాప్‌లో తిరిగితే చాలు, ‘లోపాయికారీ ఒప్పందం’ అని ముద్ర పడిపోతుంది. దీన్ని సమర్థించేవాళ్లు ఒక సిద్ధాంతం కూడా వినిపిస్తున్నారు. రాజకీయం అంటే యుద్ధమట, గట్టిగా తిట్టేవాడే గట్టిగా పోరాడతాడట. ఈ వాదన శుద్ధ తప్పు. విశాఖపట్నంలో ఈ మాట అనేవాళ్లకు తమ ఊరి చరిత్రే తెలియదని చెప్పాలి.

ఈ ఊరికి ఉక్కు ఎలా వచ్చింది? 1966 జులై 1న విశాఖలో ఉక్కు కర్మాగారం పెట్టాలని శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. అక్టోబర్ 15న టి.అమృతరావు ఇక్కడ నిరాహార దీక్షకు కూర్చున్నారు. నవంబర్ 1న పోలీసు కాల్పుల్లో ఈ ఊళ్లో ప్రాణాలు పోయాయి. ఆ ఉద్యమాన్ని భుజాన వేసుకున్నదెవరు? అప్పటికి రెండేళ్ల కిందటే చీలిపోయి, ఒకరి మీద ఒకరు నిప్పులు చెరుగుతున్న రెండు కమ్యూనిస్టు పార్టీలు. ఆ రెండింటి సిద్ధాంతానికీ బద్ధ విరోధి అయిన స్వతంత్ర పార్టీ. ఒకప్పుడు ప్రకాశం పంతులు మంత్రివర్గంలో పనిచేసి, 1967లో ఇండిపెండెంటుగా విశాఖ నుంచి లోక్‌సభకు వెళ్లిన తెన్నేటి విశ్వనాథం. వీళ్లలో ఎవరూ తమ సిద్ధాంతం వదులుకోలేదు. ఒకే వేదిక ఎక్కారు, కలిసి పదవులకు రాజీనామాలు చేశారు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటన చేశారు. ఆ మరుసటి ఏడాది జనవరి 20న శంకుస్థాపన జరిగింది.

ఇప్పుడు 2021కి రండి. జనవరి 27న కేంద్రం ఆ కర్మాగారంలో నూరు శాతం వాటా అమ్మకానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. మే 20న శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఆ రోజు ప్రధాన ప్రతిపక్షం సభలో లేదు, సమావేశాన్ని బహిష్కరించింది. ఆరు నెలలకు అదే సభలో తన భార్యను కించపరిచారంటూ ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబు నాయుడు శపథం చేసి బయటికి వెళ్లిపోయారు, విలేకరుల ముందు కన్నీళ్లు పెట్టుకున్నారు. 2024లో ఫలితాలు తిరగబడ్డాయి. ఈసారి ఓడి ప్రతిపక్షంలోకి వెళ్లినవాళ్లు సభకు రావడం మానేశారు. 1966లో ఢిల్లీకి వినిపించింది ఒక సభ గొంతు. ఇప్పుడు వినిపిస్తున్నది సగం సభ గొంతు.

‘వాళ్లు మొదలుపెట్టారు కాబట్టి మేం చేశాం’ అనేది రెండో వాదన. దీనికి జవాబు విశాఖ విమానాశ్రయంలోనే ఉంది. 2017 జనవరి 26న ప్రత్యేక హోదా కోసం ఆర్కే బీచ్‌లో కొవ్వొత్తుల ప్రదర్శనకు బయల్దేరి వచ్చిన జగన్మోహన్ రెడ్డిని అక్కడి నుంచి కదలనివ్వలేదు. 2018 అక్టోబర్ 25న అక్కడి లాంజ్‌లోనే ఆయనపై కోడికత్తితో దాడి జరిగింది. రక్తం కారిన ప్రతిపక్ష నాయకుణ్ణి పరామర్శించాల్సిన అధికార పక్షం ‘కోడికత్తి డ్రామా’ అని ఎగతాళికి దిగింది. 2020 ఫిబ్రవరి 27న వంతు మారింది. చంద్రబాబు నాయుడు కాన్వాయ్ మీద గుడ్లు, చెప్పులు పడ్డాయి. గంటల తరబడి ఆపి, చివరికి ఆయన్ను వెనక్కి పంపేశారు. 2022 అక్టోబర్ 15న మంత్రుల కార్ల మీద జనసేన కార్యకర్తలు దాడి చేశారని కేసులు పెట్టారు, పవన్ కల్యాణ్‌ను హోటల్ దాటనివ్వలేదు. ప్రతిసారీ చేసినవాళ్ల దగ్గర పాత లెక్క ఒకటి సిద్ధంగా ఉంది. ఈ లెక్కల వల్ల విశాఖకు ఒరిగింది సున్నా.

మర్యాద చూపిస్తే పోరాటపటిమ పోతుందనేవాళ్లు 1991 నంద్యాల ఉప ఎన్నిక గుర్తుచేసుకోవాలి. ప్రధాని అయిన తొలి తెలుగువాడు పి.వి.నరసింహారావు అక్కడ నిలబడితే, కాంగ్రెస్‌ను ఓడించడానికే పార్టీ పెట్టిన ఎన్టీఆర్ అభ్యర్థిని పెట్టలేదు. మరి ఆయన మెత్తబడ్డారా? మూడేళ్లకు, పీవీ ప్రధానిగా ఉండగానే, రాష్ట్రంలో కాంగ్రెస్‌ను 26 స్థానాలకు కుదించారు.

ఇక లాలూచీ సంగతి. నాయకులు లోపల కుమ్మక్కవుతారన్న జనం భయం నిజమైనదే, దాన్ని కొట్టిపారేయను. అయితే తిట్లు ఆ కుమ్మక్కును ఆపాయా? విశాఖ భూముల అక్రమాలపై 2017లో ఒక ప్రభుత్వం, 2019లో దాని ప్రత్యర్థి ప్రభుత్వం సిట్‌లు వేశాయి. ఆ ఏళ్లలో మైకుల నిండా బూతులే. అయినా ఏ ప్రభుత్వమూ తన హయాంలో ఆ నివేదికను జనం ముందు పెట్టలేదు. లాలూచీకి చీకటి కావాలి. నలుగురి ముందు పెట్టే నమస్కారంలో దాచేదేముంది?

ఎలా పోట్లాడాలో నాయకులకు తెలియకపోతే కూర్మన్నపాలెం వెళ్లి నేర్చుకోవచ్చు. 2021 ఫిబ్రవరి నుంచి అక్కడ ఉక్కు కర్మాగారం అమ్మకానికి వ్యతిరేకంగా రిలే దీక్షల శిబిరం నడిచింది. సీఐటీయూ, ఏఐటీయూసీ ఎర్ర జెండాలు, ఐఎన్‌టీయూసీ మూడు రంగుల జెండా ఒకే టెంటుకు కట్టారు. గుర్తింపు సంఘం ఎన్నికలొస్తే ఈ సంఘాలే గేట్ మీటింగుల్లో ఒకదాన్నొకటి ఉతికి ఆరేస్తాయి. వేతన ఒప్పందంలో కార్మికుడికి అన్యాయం చేసిందెవరో పేరు పెట్టి చెబుతాయి. దీక్షా శిబిరంలో మాత్రం ఎదుటి సంఘం నాయకుడి పేరుకు ‘గారు’ తగిలించి పిలిచి మైకు అందిస్తాయి. ఏ కార్మికుడూ తన నాయకుడు అమ్ముడుపోయాడనుకోలేదు. ఉద్యోగం పోతుందన్న భయం ఉన్నచోట ఎవరితో ఏ విషయంలో తగవు పడాలో మనిషికి బాగా తెలుస్తుంది.

2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించగానే పార్టీలు ఆ ఘనత కోసం కొట్లాటకు దిగాయి. అసలు కావాల్సిన సొంత ఇనుప ఖనిజ గనులు మాత్రం కర్మాగారానికి ఇప్పటికీ లేవు.

అన్ని పార్టీల కార్యకర్తలకూ నా విన్నపం ఇది. మీ నాయకుడు అవతలివాళ్ల ఇంటి ఆడవాళ్ల ప్రస్తావన తెస్తే చప్పట్లు కొట్టకండి. ఆస్పత్రిలో ఉన్న ప్రత్యర్థిని ఆయన చూసివస్తే నిలదీయకండి. నిలదీయాలనుకుంటే సొంత గనుల కోసం అవతలి పార్టీతో కలిసి ఢిల్లీ ఎప్పుడు వెళతావని అడగండి.